అవ్వ ఓటు, మేనత్త ఒబ్బట్లు

పోయిన వారం మా వార్డు ఎన్నికల ముందు రెండు పార్టీల వాళ్ళూ వచ్చి, ఒకరు చీర, ఇంకొకరు కుక్కరు ఇచ్చిపోయారు. కోడలు రెండూ తీసుకుంది. కుక్కరు మూత సరిగ్గా పడటం లేదని మరునాడు వెళ్ళి మార్చి కూడా తెచ్చుకుంది. నేను నవ్వుతుంటే, "మీ కాలంలో ఇచ్చేవాళ్ళు కాదా మామయ్యా?" అని అడిగింది. ఎందుకివ్వరు? తీసుకోని మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆవిడ మా అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి. ఆవిడ అలా భీష్మించుకోవడానికి నేను చదివిన ఒక ఇంగ్లీషు నవల కారణమని చెప్పుకోవడం నాకిప్పటికీ గొప్పగానే ఉంటుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. బళేపేటలో మాకు పట్టునూలు అంగడి ఉండేది. నా బడి చదువు లోయర్ సెకండరీతోనే ఆగిపోయింది. తక్కిన చదువంతా కబ్బన్ పార్కులోని ఎర్ర మేడ లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నాకు నేను చెప్పుకున్నదే. పెళ్ళయి అంగడి బాధ్యత మీద పడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. చదివింది ఎవరికైనా చెప్పకపోతే అరగదు కనుక, సాయంత్రాలు మేము జగలి అని పిలిచే ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ ఏడు చెప్పింది విక్టోరియా రాణి కాలం నాటి నవల. అందులో ఒక చిన్న ఊళ్ళో ఎన్నికలు. అప్పట్లో వాళ్ళకు చాటుగా ఓటు వేయడం లేదు, అందరి ముందూ తిన్నె ఎక్కి పేరు చెప్పాల్సిందే. రొట్టెలు కాల్చే ఒకాయన పోటీలో ఉన్న ఇద్దరు దొరల ఖర్చుతోనూ వారం రోజులు తిని తాగి, తీరా తిన్నె ఎక్కాక గొంతు పోయినట్టు నటిస్తాడు. అది విని అరుగంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది మా మేనత్త మొగుడు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"నటించేది ఏముండాదప్పా? రెండిండ్ల ఉప్పు తింటే గొంతు పోకుండా ఏమయితాది?" అంది.

అది కథ, వెక్కిరింపు అని ఎంత చెప్పినా విననే లేదు. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆ మేనత్త మొగుడే, మా మామ, మునిసిపాలిటీకి నిలబడ్డాడు. ఎదురు నిలిచింది నాలుగిళ్ళ అవతలి బెల్లం మండీ ఆయన. ఇంటి కందాయం, అంటే పన్ను, కట్టేవాళ్ళకే ఓటు. మా ఇల్లు అవ్వ పేరున ఉండేది. మామ అల్లుడే కాదు, ఆవిడ సొంత తమ్ముడి కొడుకు. ఇటు చూస్తే, మా తాత పోయి మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో మా అందరికీ అన్నం వండి పంపింది బెల్లం మండీ ఆయన తల్లి.

మామ పందిరి వేసి ఓటర్లకు ఒబ్బట్ల భోజనం పెట్టించాడు. చక్కెర దొరకని ఆ రోజుల్లో మండీ ఆయన ఇంటింటికీ అచ్చు బెల్లం పంచాడు. అవ్వ బెల్లం వెనక్కి పంపేసింది. అక్కడి చిన్న మనవణ్ణి చూడకుండా ఉండలేక కూతురింటికి రోజూ పోయేది గాని, తాగే నీళ్ళు కూడా చెంబులో తనే తీసుకుపోయేది.

"అల్లుడికి ఏసేదానికి అడ్డం ఏముండాది మా? నా చేతి ఒబ్బట్టు విషమా?" అని మేనత్త ఏడ్చింది.

"పాత ఉప్పు ఇద్దరిదీ ఒంట్లో ఉండాది. కొత్తది తినను. ఓటు పడనీ."

మండీ మనుషులు దీన్ని ఊరికే వదలలేదు. 'కన్నతల్లే ఆ ఇంట్లో నీళ్ళు ముట్టదంట, మీరెట్ల తింటారప్పా?' అని అంగడి అంగడికీ తిరిగి చెప్పారు. మామ పందిట్లో విస్తళ్ళు మిగిలిపోవడం మొదలైంది. ఓడిపోతే అవ్వ మళ్ళీ తన గడప తొక్కనక్కరలేదని మామ అనేశాడు. మేనత్త ఆ మాట మాకు చెప్పి, పుట్టిల్లు పోతుందో మొగుడి పరువు పోతుందో తెలియక చిక్కి సగమైంది.

ఓటు రోజున అవ్వ తలంటు పోసుకుని వెళ్ళి, తెరచాటున తన చీటీ వేసి వచ్చింది. మామ ఓడిపోయాడు.

ఫలితం తెలిసిన సాయంత్రమే అవ్వ బయలుదేరింది. వద్దన్నా వినకపోతే, గొడవవుతుందేమోనని నేనూ వెంట వెళ్ళాను. మామ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. అవ్వ ఆయన పక్క నుంచే లోపలికి పోయి, పీట వాల్చుకుని, "పెట్టు మే, ఆకలిగా ఉండాది" అంది కూతురితో. మేనత్త మొగుడి వైపు చూసి, కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి మామే లేచాడు. వంటింట్లోంచి అన్నం గిన్నె తెచ్చి అత్త విస్తట్లో వడ్డించి, గిన్నె కింద పెట్టకుండానే అడిగాడు.

"ఎవురికి ఏస్తివి అత్తా?"

"అన్నం పెట్టేటప్పుడు ఆ మాట అడగద్దు నాయనా," అని అవ్వ ముద్ద కలుపుకుంది.

మామ నెయ్యి తెమ్మని మేనత్తను కేకేశాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ మళ్ళీ అడగలేదు. అడిగితే అవ్వ నాకు మాత్రం చెబుతుందేమోనని నేను చాలాసార్లు అనుకున్నాను, ఇంకా సమయముంది కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ వీధిలో అడగడానికి నేనొక్కణ్ణే మిగిలాను, చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.