అమ్మకి కుర్చీ వేయండి

నరసరావుపేటలో మా వారికి వైద్యం చేసిన డాక్టరు గారికి ఒక అలవాటుండేది. పేషెంటు భార్య కూర్చుంటే గానీ రిపోర్టు తెరిచేవారు కాదు.

ప్రోస్టేట్ క్యాన్సరని తేలాక మావారి వెంట మా బావగారు, ఇద్దరు మరుదులు వచ్చి కుర్చీలన్నీ నింపేశారు. మగవాళ్ల జబ్బు కదా అని నేను తలుపు దగ్గరే నిలబడి స్వామిని తలుచుకుంటున్నాను.

"అమ్మకి కుర్చీ వేయండి," అన్నారు డాక్టరు గారు.

"ఆడవాళ్లకెందుకండీ, మాకు చెప్పండి. ఈ జబ్బుకి ఏదో ఆపరేషన్ చేస్తారని విన్నాం, అది మాత్రం వద్దు. ఊళ్లో తెలిస్తే మా తమ్ముడు తలెత్తుకోగలడా?" అన్నారు బావగారు.

"ఇంటికెళ్లాక కట్టు చూసేదెవరు, మీరా?"

బావగారు లేచి కుర్చీ ఇచ్చారు.

"బీజాలు తీసేస్తే, ఎముకలకు పాకిన జబ్బుకు మేత తగ్గుద్దమ్మా," అని నాకే చెప్పారు డాక్టరు గారు. అప్పటిదాకా బీజాలన్న మాట నా ముందు ఎవరూ అనలేదు. "ఏమన్నా అడుగుతావా?"

"నడుం నొప్పి తగ్గుద్దా అండీ? మళ్లీ చేలోకి నడిచి వెళ్తారా?"

"చానా మందికి తగ్గిందమ్మా."

నేలచూపులు చూస్తున్న మావారు నావైపు తిరిగి, "నీకేం ఫర్వాలేదా?" అన్నారు మెల్లగా.

"మీరు నొప్పి లేకుండా పడుకుంటే చాలు."

"అయితే చేయండి డాక్టరు గారూ," అన్నారు, అన్నగారి వైపు చూడకుండా.

దేవుడి దయవల్ల రెండేళ్లుగా చేలోకి వెళ్లొస్తున్నారు. ఆ డాక్టరు గారు వేరే ఊరు వెళ్లిపోయారు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మొన్న చూపించుకోడానికెళ్తే కొత్త డాక్టరు రిపోర్టు తెరవబోయాడు.

"ఆగు బాబూ," అని మావారు లేచి కుర్చీ లాగారు. "మా ఇంటామె కూర్చోనీ."