అయిదు నిమిషాల ప్రార్థన

మా వీధిలో గానీ పక్క పేటలో గానీ ఎవరైనా పోయారని తెలిస్తే నా భార్య పొయ్యి మీద ఉన్నది దించేసి, చెప్పులు వేసుకుని బయలుదేరేది. శవం ఉన్న గదిలోకి వెళ్ళి ముందుగా ఫ్యాను ఆపేది. పోయినవాళ్ళ రెప్పలు మూసి, తడిపిన దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు చేసేది. గాలికి కళ్ళు ఎండిపోకూడదు. ఆరు గంటల్లోపు గుంటూరు నుంచి డాక్టరు వచ్చి వాటిని తీసుకోవాలి. ఆ తర్వాత అవి ఎవరికీ పనికిరావు. తెనాలిలో దాదాపు పదేళ్ళు ఆమె చేసిన పని ఇది. జీతం లేదు, బోర్డు లేదు. తోడుగా నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒక నోటుపుస్తకం, సందు చివర ఫోను.

కళ్ళు ఇమ్మని ఆమె అడిగే పద్ధతి నాకు నచ్చేది కాదు. నేను బాపట్లలో కాలేజీ లెక్చరర్ని. రోజూ పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కేవాణ్ణి. ఆదివారాలు హేతువాద సభలు. చావుకీ మనిషికీ మధ్య కూర్చునే దళారీ ఏ మతంవాడైనా వదిలేవాణ్ణి కాదు. మా పెళ్ళి కూడా ఎనభైల మొదట్లో ఒక సభావేదిక మీద దండలు మార్చుకుని జరిగింది. ఆమెది రేపల్లె దగ్గర పల్లెలో లూథరన్ కుటుంబం, నాది హిందూ రైతు కుటుంబం. రెండు వైపులవాళ్ళూ రాలేదు. దాన్ని నేను విజయంగానే భావించాను. ఆమె ఏమనుకుందో అడగలేదు.

ఒక సెలవు రోజు అంగలకుదురులో ఎవరో పెద్దాయన పోతే నేనూ ఆమె వెంట వెళ్ళాను. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కనే చాలాసేపు ఊరికే కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగించి, అప్పుడు అడిగింది నా భార్య.

"కళ్ళు లేకుండా పునరుత్థానం రోజున ఎట్టా లేస్తాడమ్మా ఈయన? నన్ను గుర్తుపట్టొద్దా?" అంది ముసలమ్మ.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నా భార్య నా చెయ్యి గట్టిగా నొక్కి, "మట్టిలో కలిసిపోయిన ఒళ్ళంతా తిరిగిచ్చే దేవుడు రెండు కళ్ళు ఇవ్వలేడా పిన్నీ?" అంది.

ముసలమ్మ పెద్దాయన మొహం వైపు చూసింది. "ఇవ్వకపోతే నేనూరుకుంటానా!" అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో నేను ఊరుకోలేదు. "దేవుణ్ణి ఒప్పుకున్నావు. పునరుత్థానం కూడా ఒప్పుకున్నావు."

"ఆవిడ కళ్ళిచ్చింది కదండీ."

"అబద్ధం పునాది మీద మంచి పని కడతావా?"

"కడతానండి. మీరు నిజం పునాది వేసుకుని ఎన్నేళ్ళయింది? గోడ లేచిందా?"

రిక్షా తొక్కే ఆయన పైకే నవ్వాడు. ఆ వారమంతా నేను ఆమెతో ముభావంగా ఉన్నాను.

తన కళ్ళ సంగతి ఆమె ఎప్పుడో చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. మా అమ్మాయికి జడలు వేస్తూ గుంటూరు నంబరు దానిచేత అప్పజెప్పించుకునేది. "నేను పోతే నాన్నగారు ఉపన్యాసం మొదలుపెడతారు. నువ్వు ఫోను సంగతి గుర్తు చెయ్యి," అనేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు. "ఈ విషయం నాకు గుర్తు చెయ్యాలా? ఊరందరికీ చెప్పేవాణ్ణి," అనేవాణ్ణి నేను.

తొంభైలు సగం దాటాక ఒక వేసవిలో, పొద్దున పదింటికి, పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలిపోయింది. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. మా అమ్మాయి అప్పుడు ఇంటరు. ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టాం. ఇంటినిండా జనం, ఉక్కపోత. ఎవరో ఫ్యాను వేశారు.

ఒంటిగంటకి రేపల్లె నుంచి ఆమె అన్న వచ్చాడు. పదిహేడేళ్ళలో మా గుమ్మం తొక్కడం అదే మొదలు. వెంట ఒక ముసలి పాస్టరు. చెల్లెల్ని చూసి ఏడ్చి, నా దగ్గరికి వచ్చి నెమ్మదిగానే అడిగాడు.

"బావగారూ, ఒక్క ప్రార్థన. అయిదు నిమిషాలు."

"ఆమెకి నమ్మకం లేదు బావా."

"అని మీతో చెప్పిందా? మీరెప్పుడన్నా అడిగారా?"

ఎప్పుడూ అడగలేదు. అందువల్లే కాబోలు రెచ్చిపోయాను. వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నా సభల మిత్రులు నా వెనక, వాళ్ళ బంధువులు అతని వెనక. ఊహ తెలియని పసిపాపకి ఇచ్చిన బాప్తిస్మం నుంచి మొదలుపెట్టి, శవం మీద మతం ఏ హక్కుతో చెయ్యి వేస్తుందో నిలదీశాను. అతనూ తగ్గలేదు. "మా చెల్లెల్ని మీ సభకి దండలా వాడుకున్నారు," అన్నాడు. దానికీ జవాబు చెప్పాను. ఆ దుఃఖంలో కూడా నా వాక్యం తడబడలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది.

మా అమ్మాయి రెండుసార్లు వచ్చింది. ఇంటిపెద్ద మాట లేనిదే డాక్టరు బయలుదేరడు.

"నాన్నా, గుంటూరు ఫోను చెయ్యాలి."

"ఉండమ్మా, ముందు ఇది తేలనీ."

రెండోసారి చెయ్యెత్తి ఆపాను, సభలో మధ్యలో లేచినవాళ్ళని ఆపినట్టు.

చివరికి పాస్టరే, "వద్దులే నాయనా, పదండి," అని పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. నేను గెలిచాను. అప్పుడే, కబురు ఆలస్యంగా అంది, నా భార్యతో తిరిగే ఆడవాళ్ళలో ఒకావిడ పరుగు పరుగున వచ్చింది.

"కళ్ళు తీసుకెళ్ళారా అన్నయ్యగారూ?"

నేను చేతి గడియారం చూసుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి చటుక్కున ఫ్యాను ఆపింది. దూది లేదు, తడి లేదు. రెప్పలు సగం తెరుచుకుని ఉన్నాయి. నాలుగు దాటింది. అయినా ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఎన్నింటికి పోయారని అడిగాడు డాక్టరు. చెప్పాను. "మేడమ్‌గారి విషయంలోనే ఇట్టా అయితే ఎట్టా సార్," అన్నాడు.

సాయంత్రం మంత్రమూ ప్రార్థనా లేకుండా దహనం చేశాం. అంతా నేను కోరినట్టే.

నా అభిప్రాయాలు మారలేదు. చచ్చినవాళ్ళకి ప్రార్థన వినపడదు, ఇప్పటికీ అదే అంటాను. వినపడనిదాన్ని ఆపడానికి మూడు గంటలు ఎందుకు పోట్లాడాను? ఇలా ఆలస్యమైన ఇళ్ళ గురించి నేను వ్యాసాలు రాశాను. కారణం అజ్ఞానమని తేల్చాను. మా ఇంట్లో అజ్ఞానం లేదు. ఎక్కడో ఇద్దరు మనుషులు చూపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు.

తర్వాత మా అమ్మాయి రేపల్లెలో మామయ్య ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతానంది. నేను పాఠాలు చెప్పే కాలేజీ బాపట్లలో ఉంది, రోజూ ఇద్దరం ఒకే బండిలో వెళ్ళొచ్చు. ఆ మాట అనలేకపోయాను. అన్నం ఒక్కడికి ఎంత వండాలో తెలియక ఎప్పుడూ మిగిలిపోయేది. కొత్త వ్యాసం రాస్తే పైకి చదివేవాణ్ణి. అడ్డొచ్చేవాళ్ళు లేక త్వరగా అయిపోయేది.

పద్దెనిమిది నిండిన వారం అమ్మాయి వచ్చింది. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తన కళ్ళు రాసిచ్చిన పత్రం. తను పోతే డాక్టరుకి కబురు చెయ్యాల్సిన దగ్గరి మనిషి సంతకం ఒకటి కావాలి అందులో. నేను జేబులోంచి పెన్ను తీశాను.

"మామయ్య పెట్టేశాడు నాన్నా. మీకు చూపిద్దామని తెచ్చాను."

కాగితం మొత్తం చదివాను. ఎక్కడా తప్పు లేదు. అదే చెప్పాను. అమ్మాయి దాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, రేపల్లె బండికి టైమవుతోందని లేచింది.