మా బాపు అసలు వయసు చెప్పిన వందన వదిన

నిన్న పొద్దున నాందేడ్ బస్‌స్టాండ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

వందన వదిన ఇక లేదు.

అవతల మా మేనత్త ఏడుస్తోంది. వదిన ఆమె కూతురే. "పుణెల పడిపోయిందట్రా. మెదడుల నరం చిట్లిందట" అంటోంది. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. అక్కడే కూర్చుండిపోయాను.

నలభై రెండేళ్ళు. అదేం పోయే వయసు.

వదిన పుణెలో సైంటిస్ట్. ఒకే ఊళ్ళో, అవే జొన్నరొట్టెలు తిని, ఒకరు తొంభైలో కూడా చేనుకు వెళ్తుంటే ఇంకొకరికి నలభైకే షుగర్, గుండెజబ్బు ఎందుకొస్తున్నాయి? అందులో జీన్స్ పాత్ర ఎంత? అదీ ఆమె రీసెర్చ్.

బ్లడ్ శాంపిల్స్ కోసం నాందేడ్ వైపు మన ఊళ్ళన్నీ తిరిగింది. ఓసారి కుండల్‌వాడి నుంచి షేర్ జీపులో వస్తుంటే, ఒడిలో ఐస్ పెట్టిన థర్మకోల్ డబ్బా చూసి పక్కనున్న ముసలమ్మ "చేపలా బిడ్డా?" అని అడిగిందట.

"కాదవ్వా, రక్తం" అంది ఈమె.

ఆ ముసలమ్మ దిగేదాకా డోర్‌కి అతుక్కునే కూర్చుందట. ఈ సంగతి చెప్పి తనే పడీ పడీ నవ్వేది.

ఆమెకు అసలు తలనొప్పి మనవాళ్ళ వయసులు. సగం ఊరు ఆధార్‌లో జనవరి ఒకటినే పుట్టింది. సంవత్సరం కూడా తెల్లజుట్టు చూసి వేసిందే. అందుకే కార్డు పక్కన పెట్టి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగేది.

కర్ఖేలిలో మా ఇంట్లో మా నాన్న, బాపు గురించి కూడా అడిగింది. అప్పటికి బాపు గుండెపోటుతో పోయి మూడేళ్ళు. కార్డులో అరవై. పెద్దవయసే కదా అని మేమంతా మనసుకు సర్దిచెప్పుకున్నాం.

మేనత్త ఒప్పుకోలేదు. "ఏం అరవై? పెద్ద కరువుల మా అమ్మ రోడ్డు పనికి పోతె వీన్ని నేనే చంకల ఏసుకొని తిరిగిన. పాలు తాగే పోరడు అప్పుడు."

పెద్ద కరువంటే డెబ్బై రెండులోది. వదిన లెక్కపెట్టి నావైపు చూసింది. "పోయేనాటికి మామకు నలభై ఏడే మర్దీ. ఈ గుండెజబ్బు వయసుతోటి వచ్చింది కాదు, మీ ఇంటి రక్తంలనే ఉన్నట్టుంది. నువ్వు కొలెస్ట్రాల్ టెస్ట్ చేయించుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. బాపు నిండా బతికి పోయాడన్న ఊరట ఒక్కటే మాకు మిగిలింది. దాన్ని కూడా లాగేసుకుంది అనిపించింది. "సచ్చినోని వయసు తగ్గిస్తె నీకేమొస్తది?" అన్నాను, అందరి ముందూ.

వదిన చాయ్ తాగి, డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె మాత్రం "టెస్ట్ అయిందా మర్దీ" అని వాట్సాప్‌లో మెసేజ్ పెడుతూనే ఉంది. నేను చూసి ఊరుకునేవాణ్ణి.

పోయినేడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చేయించుకున్నాను. ఆమె అనుమానపడ్డట్టే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుంది. అప్పటినుంచి రోజూ గోళీ వేసుకుంటున్నా. పిల్లలకు కూడా టెస్ట్ చేయించా.

వదినకే చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయాలి? ఊరికి వచ్చినప్పుడు ఎదురుగా చెబుదాంలే అనుకున్నా.

పోయిన వారం కూడా అదే మెసేజ్ పెట్టింది.

ఇవాళ దాని కింద రాశాను. "అయింది వదినా. నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాదే."

ఒక్క టిక్కే పడింది.

ఇక నా గురించి ఫికర్ చేయకు వదినా. నిమ్మళంగా ఉండు.