చేపలకు చెప్పని ముచ్చట

దోస్తులందరం కృష్ణా నదిల ఈత కొడదామని నెల కిందనే అనుకున్నం. తీరా పోయే పొద్దుగాల్నే నాకు నెలసరి వచ్చింది. ప్యాడు నీళ్లల్ల పనిచెయ్యదని నెలసరి కప్పు పెట్టుకున్న, నల్ల ప్యాంటు సంచిల ఏసుకున్న. నాగర్‌కర్నూల్‌ల కొల్లాపూర్ బస్సెక్కినంక గూడ గుబులు పోలే. "అక్కా, ఈ దినాలల్ల ఏట్ల దిగొచ్చంటవా?" అని ఫోన్ల మెల్లగ అడిగిన.

పక్కసీట్ల ఖాళీ చేపల గంప పట్టుకొని కూసున్న పెద్దమ్మ అంతా ఇన్నది. నేను సిగ్గుతోని కిటికీ దిక్కు తిరిగిన.

"మా అత్త గా దినాలల్ల నన్ను చేపలు పట్టే పుట్టి ఎక్కనియ్యకపోతుండె బిడ్డా. ముట్టుతోని ఎక్కితే వలల చేప పడదంట."

"మరి ఇంటికాడనే ఉంటుంటివా పెద్దమ్మా?"

"నేను చెప్తే గద!" కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "నెల నెలా ఎక్కిన. చేపలు పడుతనే ఉండె."

ఆమె నడుమ ఊర్ల దిగిపోయింది. పేరన్న అడగలే.

పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి నేను మెడలోతు నీళ్లల్ల ఉన్న. చిన్న చిన్న చేపలొచ్చి నా కాళ్లను పొడుస్తున్నయ్. ఎందుకు నవ్వుతున్నవని దోస్తులు ఒకటే అడుగుడు.

నేను చెప్తే గద!