మగ పూలు, ఉడికిన కారు

మొన్న పెబ్బేరు దాటాక మా అల్లుడి కారులో ఏదో ఎర్ర దీపం వెలిగితే, అతను బండి పక్కకు ఆపి, బానెట్ కూడా ఎత్తకుండా ఎవరికో ఫోన్ చేసి, ఏసీ పోయిందని మాత్రం తెగ బాధపడ్డాడు. వెనక సీట్లో కూర్చున్న నాకు నవ్వొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గద్వాల చీరల షావుకారు ఒకాయన వాడి వాడి విడిచిన పెట్రోలు కారు మా ఇంటికొచ్చింది. దానికి ఎండ పడేది కాదు, అందుకని డిక్కీలో నీళ్ళ డబ్బా లేకుండా ఊరు దాటేవాణ్ణి కాదు. అప్పట్లో మావైపు ఎక్కడ చూసినా విత్తన పత్తి, అంటే రెండు రకాలు కలిపి విత్తనం కోసం పండించేది. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గలు గిచ్చి పుప్పొడి భాగం తీసేస్తే, మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి వాటికి రాయాలి. మధ్యాహ్నం దాటిందా, మొగ్గలన్నీ రాలిపోతాయి, ముందురోజు కష్టమంతా మట్టిపాలు.

ఆ ఏడు వానలకు మా మగ మొక్కలు కుళ్ళిపోయాయి. అదే రకం వేసిన మా బావ చేను అమరచింత దగ్గరుంటే, పొద్దున్నే నేనూ మా ఇంటావిడా వెళ్ళి గంపెడు పూలు కోసుకుని, తడిబట్ట కప్పి తిరుగుదారి పట్టాం. ఎండ ముదిరేకొద్దీ బట్ట ఆరిపోతుంటే, ఆమె కారు కోసం ఉంచిన డబ్బా ముందుకు తెచ్చుకుని, ఆ నీళ్ళతో మాటిమాటికీ తడుపుతూ వచ్చింది. పూలు ముఖ్యం కదా అని నేనూ ఊరుకున్నాను. జూరాల కాల్వ దగ్గరికొచ్చేసరికి కారు పొగలు కక్కి ఆగింది, డబ్బాలో చూస్తే చుక్క లేదు.

కాల్వకు పోయి నీళ్ళు తెచ్చి, వేడి తగ్గేదాకా ఓపిక పట్టి, రేడియేటర్ మూత తువ్వాలుతో మెల్లగా తిప్పి నింపాను. అయినా ఇంజను తిరుగుతుందే గానీ అందుకోదు. ఆ వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోతుందనీ, పంపు మీద తడిబట్ట వేసి చల్లబరచాలనీ ఆ కార్లు నడిపినవాళ్ళకు తెలుసు. నా తువ్వాలు అక్కడ వేస్తే చాలలేదు, ఇంకో దళసరి బట్ట కావాలి. ఉన్నదల్లా పూల మీద బట్టే.

నేను తటపటాయిస్తుంటే మా ఆవిడ దాన్ని లాగి నా చేతిలో పెట్టింది. "పంపు మీద ఎయ్యి. పూల సంగతి నేను జూసుకుంట," అంది.

"ఎండుతయేమోనే," అన్నాను.

"బండి కదలకుంటె గూడ ఎండుతయి గద."

కొంగు కాల్వలో ముంచి పిండి, గంప ఒళ్ళో పెట్టుకుని దానిమీద కప్పుకుని, చెట్టైనా లేని ఆ రోడ్డు పక్కన ఎండకు వీపుపెట్టి కూర్చుంది. నేను పంపు మీది బట్టలు తడపడంలో పడ్డాను. రెండు మూడుసార్లు తడిపాక కారు దగ్గుతూ దగ్గుతూ అందుకుంది. చేను చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. కూలి ఆడవాళ్ళు ఒక్కరూ ఇంటికి పోకుండా గట్టు మీదే కూర్చుని ఉన్నారు. వాళ్ళతోపాటు మా ఆవిడా ఆ తడి కొంగుతోనే వరుసల్లోకి దిగింది. తర్వాత నాలుగైదు రోజులు ఏవి నిలుస్తాయో చూస్తూ ఇద్దరం ఆ వరుసల్లోనే తిరిగాం. కొన్ని రాలాయి, ఎక్కువ నిలిచాయి.

ఇప్పుడు చేను కౌలుకిచ్చాం, విత్తన పత్తి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఏ కారెక్కినా చల్లగా ఉంటుంది, ఆలస్యమైనా అడిగేవాళ్ళు లేరు. ముసలితనంలో దీనికంటే సుఖమేముందని అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, మధ్యాహ్నంలోపు మా ఇద్దరి కోసం ఎదురుచూసే చోటు ఒక్కటీ లేకపోవడమే నాకు వెలితిగా ఉంది.