ఆరువందల గజాల డెల్బర్ట్

అమెరికాలోని మోంటానాలో, కొండల కింద ఆ ఊళ్ళో డెల్బర్ట్ హౌగెన్ ఇల్లెక్కడంటే ఎవరైనా ఓ క్షణం ఆలోచిస్తారు. ‘ఆరువందల గజాల డెల్బర్ట్’ అంటే మాత్రం వెంటనే చూపిస్తారు. అరవయ్యేడేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా ఒకే బండమీద బోర్లా పడుకుని, ఆరువందల గజాల దూరాన లోయ అవతల మేసే ఎల్క్ దుప్పిని ఒక్క తుపాకీ దెబ్బకి పడగొట్టడం ఆయన గొప్ప. దగ్గరికి పాకి వెళ్ళి కొట్టేవాళ్ళంటే చిన్నచూపు. ‘‘వేటకెళ్ళారా, ముద్దు పెట్టుకోడానికెళ్ళారా?’’ అనేవాడు.

తూటాలు గ్యారేజీలో తనే నింపుకునేవాడు. లోపల మెత్తటి సీసం, పైన పల్చటి రాగి తొడుగు. ఆ సీసం మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

ఈ ఏడు ఈగకి బదులు కన్నకూతురే వాలింది. మారిట్ ఆ ఊళ్ళో పశువుల డాక్టరు. ఐదో నెల కడుపుతో ఉంది. సెప్టెంబరులో ఒకరోజు తండ్రి ఫ్రీజర్లోంచి కిందటేటి ఖీమా పొట్లాలు నాలుగు పట్టుకెళ్ళి, కుక్కల కాళ్ళకి ఎక్స్‌రే తీసే బల్లమీద పెట్టింది. ఆ ఎక్స్‌రేలు తండ్రికి చూపిస్తే మూడింట్లో తెల్లటి చుక్కలు కనిపించాయి.

‘‘ఏమిటివి? మిరియాలా?’’ అన్నాడు డెల్బర్ట్.

‘‘నీ సీసం నాన్నా. దుప్పికి తగలగానే చిట్లి మాంసమంతా చిమ్ముతుంది. గాయం చుట్టూ ఎంత కోసి పారేసినా ఇంత మిగుల్తుంది.’’

‘‘నిన్ను పెంచింది ఈ మాంసమేనే! డాక్టరువి కాలేదూ?’’

‘‘అయ్యాను కాబట్టే చెప్తున్నా. సీసం కడుపులో బిడ్డకి విషం. ఈసారి సీసంతో కొడితే ఆ మాంసం నేను ముట్టను.’’

భార్య పోయాక పదేళ్ళుగా డెల్బర్ట్ కూతురికి చేసే మర్యాద ఒకటే. దుప్పి వెన్ను పక్క మెత్తటి కండ కోసి, వెన్నలో ఉల్లిపాయలతో వేయించి పెట్టడం. ప్రేమగా నాలుగు మాటలు చెప్పడం ఆయనకి చేతకాదు.

అలాగని ఊరికే ఓడిపోయే రకమూ కాదు. సీసం లేకుండా అచ్చంగా రాగితోనే చేసిన గుండ్లు ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. వాటితో తూటాలు నింపి, తుపాకీ గురి కొత్తగా సరిచేసుకుని, ఆరువందల గజాల అవతల నీళ్ళు నింపిన డబ్బాలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి కాల్చాడు. తగలగానే పువ్వులా విచ్చుకోవలసిన గుండు విచ్చుకోనే లేదు. పెన్సిలంత బెజ్జం చేసుకుంటూ డబ్బాలన్నిట్లోంచీ దూసుకుపోయింది. ఆ డబ్బాలు మోసుకుని, పందెం గెలిచిన కోడిపుంజులా కూతురి ఆసుపత్రికి వెళ్ళాడు.

‘‘చూశావా? సీసమైతే ఎంత నెమ్మదించినా విచ్చుకుంటుంది. నీ రాగి నీళ్ళ గొట్టాలకి పనికొస్తుంది. దీంతో కొడితే దుప్పి గాయంతో పారిపోయి ఎక్కడో పడి చస్తుంది. ఆ పాపం నీది!’’

మారిట్ బెజ్జాన్ని తడిమి చూసింది. ‘‘ఎంత దూరం?’’

‘‘ఎంతేమిటి? ఆరువందలు.’’

‘‘రాగి గట్టిది నాన్నా. వేగంగా తగిలితేనే విచ్చుకుంటుంది. దగ్గరికెళ్ళు.’’

ఆయన డబ్బాలు అక్కడే వదిలేసి విసవిసా వెళ్ళిపోయాడు.

నవంబరులో వేటకి వెళ్ళినప్పుడు తుపాకీలో రాగి, జేబులో ఎందుకైనా మంచిదని రెండు సీసం తూటాలు. తెల్లవారేసరికి పెద్ద కొమ్ముల దుప్పి లోయ అవతల నిలబడింది. సరిగ్గా ఆరువందల పది గజాలు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. సీసం పెడితే దుప్పి ఇంటికొస్తుంది, కూతురు రాదు. డెల్బర్ట్ బండనీ, రాగినీ, వైద్యవిద్యనీ వరసపెట్టి తిట్టి పాకడం మొదలుపెట్టాడు.

రెండు గంటలు పాకాడు. మోచేతుల్లో నాగజెముడు ముళ్ళు దిగాయి. దుప్పి ఒకసారి తలెత్తితే పేడలో ముఖం పెట్టి కదలకుండా పడుకున్నాడు. నూట నలభై గజాల దగ్గర ఆగేసరికి అది గడ్డి పరపరా పీకే చప్పుడు వినిపించింది. నలభై ఏళ్ళలో ఆ చప్పుడు వినడం అదే మొదలు. ఆయనకి కాస్త భయం వేసింది, కాస్త సిగ్గు వేసింది. అయినా కాల్చాడు. దుప్పి పదడుగులు వేసి కూలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మారిట్ ముందుగా పచ్చిమాంసాన్ని ఎక్స్‌రే తీసింది. ఒక్క చుక్క లేదు. తర్వాత తండ్రి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని మొదటి పళ్ళెం ఖాళీ చేసింది. ఆయన తినడం మర్చిపోయి చూస్తుండగా ఫోన్ మోగింది. వేట స్నేహితుడు వెండెల్.

‘‘ఒరేయ్, కొట్టావటగా! ఎంత దూరం?’’

‘‘నూట నలభై.’’

‘‘అంతేనా? ఊరంతా చెప్పేస్తా చూడు!’’

‘‘చెప్పు. పాక్కుంటూ వెళ్ళానని కూడా చెప్పు. ఇక పెట్టెయ్‌రా, మా అమ్మాయి ఇంకో ముక్క అడుగుతోంది.’’