నేను నడవని బెల్టు

గోదావరిఖని దగ్గర ఒక కాంట్రాక్టరు నడిపే బొగ్గు యార్డులో బెల్టు ఆపరేటరుగా పనిచేసేవాణ్ణి. షిఫ్టు మొదలుకాగానే బొగ్గు మోసే ఆ బెల్టు వెంట చివరిదాకా నడవాలి. కింద ఏ రోలరైనా తిరగకుండా బిగుసుకుపోయిందేమో చూడాలి. బిగుసుకుంటే రాపిడికి కాగుతుంది, చుట్టూ పేరుకున్న బొగ్గు పొడి లోలోపలే రాజుకుంటుంది. అక్కడక్కడా తగిలించిన మంటలార్పే సిలిండర్లు చూడటం కూడా నా బాధ్యతే. అన్నీ చూశానని సంతకం పెట్టాలి.

ఆ మే నెలలో రేకుల కప్పు కింద ఊపిరాడేది కాదు. ఒకరోజు సగందాకా నడిచి వెనక్కొచ్చేశాను. ఏమీ కాలేదు. తర్వాత గదిలో కూర్చునే సంతకం పెట్టడం అలవాటైంది.

బెల్టు కింద పొడి ఊడ్చే అక్క ఒకావిడ ఉండేది. ఒక మధ్యాహ్నం వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది.

“తమ్మీ, అవుతలి కొసకు రబ్బరు కాలిన వాసనొస్తుంది. పొద్దుగాల చూసినవా?”

చూశానన్నాను. అది పక్కనున్న థర్మల్ కరెంటు కేంద్రం పొగ అయి ఉంటుందని కూడా అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి బెల్టు ఆగిపోయింది. పక్కనుండే తాడు లాగి ఆవిడే ఆపేసింది.

పరుగెత్తాను. పొగ పెద్దగా లేదు. నల్లటి పొడి అడుగున ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. అక్క దాన్ని పారతో బెల్టుకు దూరంగా లాగుతోంది. దగ్గరున్న సిలిండరు అందుకుని పిన్ను పీకి నొక్కాను. ఏమీ రాలేదు. దానికి వేలాడే చీటీ మీద నా సంతకం ఉంది.

ఇంకొకటి తెచ్చేలోపే మంట లేచి ఆవిడ కుడిచేతిని మోచేతిదాకా కాల్చింది. ఆ రెండోది పనిచేసింది. మంట ఆరింది.

దవాఖానలో కట్టుతో పడుకున్న ఆవిడకు నిజం చెప్పాను. ఆశ్చర్యపోలేదు.

“నాకెరికే తమ్మీ. ఆ పొడిల నాయి తప్ప ఎవ్వరి అడుగుల గుర్తులు లేవు. ఎన్ని దినాల సంది నడుస్తలేవు?”

మే నెల నుంచని చెప్పాను.

“గట్లయితే ఈడ నిలబడకు. బెల్టు మళ్ల సురువు చేస్తరు. జల్ది పో.”

నేను యార్డుకు చేరేసరికి మేనేజరు స్విచ్చు వెయ్యమంటున్నాడు. వద్దని అడ్డుపడి, అందరి ముందూ సంగతి ఒప్పుకున్నాను. మేనేజరూ నేనూ టార్చి పట్టుకుని మొత్తం నడిచాం. ఇంకో నాలుగు రోలర్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకదాని కింద పొడి మీద చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాను. పైకి చూడ్డానికి అది మామూలు పొడిలాగే ఉంది.

నన్ను పనిలోంచి తీసేశారు. అక్క వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. కలిసినప్పుడు తన చేతి గురించి మాట్లాడదు. ఆ బెల్టు వెంట ఇప్పుడెవరు నడుస్తున్నారని అడుగుతుంది. నాకు తెలియదు.